పేరు చెప్పని ప్రార్థన

నన్ను మొట్టమొదట సిస్టరమ్మా అని పిలిచింది ఎల్లారెడ్డి దగ్గరి ఒక ఊళ్ళో బీడీలు చుట్టుకుని బతికే ఒక అక్క. నేను సిస్టర్‌ను కాను. అప్పుడూ కాను, ఇప్పుడూ కాను. కానీ ఆ రోజు నోరు తెరిచి ఆ మాట చెప్పలేదు. వినడానికి బాగుంది, ఊరుకున్నాను.

అప్పటికి హైదరాబాదులో ఒక కథోలిక యూనివర్సిటీలో డిగ్రీ అయిపోయి, వాళ్ళు నడిపే సేవా సంవత్సరంలో చేరాను. చదువు ముగించినవాళ్ళు ఏడాదిపాటు ఏదో ఒక ఊళ్ళో సిస్టర్ల ఇంట్లోనో ఫాదర్ల దగ్గరో ఉండి, వాళ్ళు చెప్పిన పని చేయాలి. ఏడాది చివర మళ్ళీ యూనివర్సిటీకి వచ్చి ఎనిమిది రోజులు ఎవరితోనూ మాట్లాడకుండా ధ్యానంలో కూర్చోవాలి. దేవుడు మనల్ని దేనికి పిలుస్తున్నాడో తేల్చుకుని, చివరి రోజు ఒక ఉత్తరం రాసివ్వాలి. మఠంలో చేరతావా, పెళ్ళి చేసుకుంటావా, ఏ పని చేస్తూ బతుకుతావు అన్నది అందులో ఉండాలి. మాలో దాన్ని దైవపిలుపు అంటారు. నా ఉత్తరం ఏడాది మొదలు కాకముందే మనసులో రాసిపెట్టుకున్నాను. మఠంలో చేరి సిస్టర్ కావాలి, ఎక్కడో అడవి ఊళ్ళో, భాష కూడా రాని చోట తిరగాలి.

తీరా చూస్తే నన్ను వేసింది ఎల్లారెడ్డి పక్కకు. మాది కామారెడ్డి. మా బాపు బస్సు కండక్టరు, ఆ రూట్లో ఎన్నేళ్ళు టికెట్లు కొట్టాడో ఆయనకే తెలియదు. నాతోటివాళ్ళు ఒడిశాకు, అస్సాంకు పోతున్నామని సంచులు సర్దుకుంటుంటే, నేను మా ఇంటినుంచి పొద్దున బయలుదేరితే టిఫిన్ వేళకు చేరే ఊరికి సర్దుకున్నాను. బాపు నవ్వాడు.

"గింత చదువు చదివి ఎల్లారెడ్డి బస్సెక్కుతున్నవా బిడ్డా? నేను దినాం పోయొస్తున్న గద, నాక్కూడ ఇయ్యుమను ఆ సేవ సర్టిఫికెటు."

నాకు ఒళ్ళు మండింది. సేవ అంటే దూరంగా ఉండాలని నా లెక్క. ఈ దగ్గరి ఊళ్ళ మనుషుల సంగతి నాకు తెలియనిదేముంది అని కూడా అనుకున్నాను. ఆ అనుకోవడమే కొంప ముంచింది. మునిగింది నా కొంప అయినా బాగుండేది.

ఊరు నాగిరెడ్డిపేట పోయే దారిలో, పోచారం ప్రాజెక్టు నీళ్ళ కింద వరి పండే పల్లె. సిస్టర్ల ఇల్లు, దాన్ని ఆనుకుని చిన్న దవాఖాన, వెనక రేకుల కప్పు వేసిన చర్చి. సిస్టర్లు ఇద్దరే. అందులో పెద్ద సిస్టర్ నర్సు. కేరళ నుంచి చిన్న వయసులో వచ్చి ఇక్కడే జుట్టు నెరిసిన మనిషి. ఇక్కడి మాట మా అవ్వలాగే మాట్లాడుతుంది, కోపం వచ్చినప్పుడు మాత్రం మలయాళంలోకి దిగుతుంది. నేను వెళ్ళిన మొదటి నెలలోనే ఆ మలయాళం చాలాసార్లు విన్నాను.

నన్ను సిస్టరమ్మా అన్న ఆ అక్కకు ముప్పై అయిదేళ్ళుంటాయి. భర్త దుబాయిలో కూలి పని. కూతురు కామారెడ్డిలో హాస్టల్లో ఉండి చదువుతోంది. ఇంట్లో ఈమె, అత్త. వాళ్ళ ఇంటికి ముందు పొడుగాటి అరుగు ఉంది. దానిమీద పొద్దున ఎండ పడదు. అందుకని వాడకట్టులో బీడీలు చుట్టే ఆడవాళ్ళంతా చాటలు పట్టుకుని అక్కడికే వచ్చేవాళ్ళు. క్రైస్తవులూ హిందువులూ అందరూ. ఒడిలో చాట, చాటలో తంబాకు, పక్కన తడి గోనెసంచిలో చుట్టిన తునికాకు. చేతులు వాటి పని అవి చేసుకుపోతుంటే నోళ్ళు ఊళ్ళో సంగతులన్నీ నడిపేవి. ఆ అరుగు ఆమెది కావడం ఆమెకు గొప్పగా ఉండేది. ఎవరు ఎక్కడ కూర్చోవాలో కూడా ఆమే చెప్పేది.

వానలు పడే రోజుల్లో ఆమెకు దగ్గు పట్టుకుని వదల్లేదు. మనిషి చిక్కిపోయింది. పెద్ద సిస్టర్ ఆమెను ఎల్లారెడ్డి సర్కారు దవాఖానకు తీసుకెళ్ళి తెమడ పరీక్ష చేయించింది. టీబీ అని తేలింది. ఆరు నెలలు రోజూ గోలీలు మింగాలి, ఒక్క రోజు కూడా మానకూడదు. మామూలుగా ఆ గోలీలు ఆశా వర్కర్ ఇంటికి తెచ్చిస్తుంది. అక్క దానికి ఒప్పుకోలేదు. సిస్టర్ల వరండాలో స్తంభం పట్టుకుని నిలబడి అంది:

"ఆమె నా వాకిట్ల అడుగు వెడితె వాడకట్టు మొత్తం తెలుస్తది సిస్టర్. నా అరుగు మీదికి ఎవ్వరు రారు. టేకేదారుకు తెలిస్తె నాకు ఆకు బంద్ వెడ్తడు. నేను మందులు మింగుత, కని ఎవ్వరికి తెల్వొద్దు. గట్లైతెనే మింగుత."

టేకేదారంటే కంపెనీ నుంచి ఆకు, తంబాకు తెచ్చి ఇంటింటికీ పంచి, చుట్టిన బీడీలు తీసుకుపోయే మనిషి. ఆయన చేతి నుంచి ఆకు రాకపోతే ఆ ఊళ్ళో ఆడవాళ్ళకు వేరే పని నాట్ల నాడు, కోతల నాడు తప్ప లేదు. పెద్ద సిస్టర్ డాక్టరుతో మాట్లాడి ఆ పూచీ తను తీసుకుంది. రోజూ పొద్దున గోలీలు ఇచ్చి, మింగేదాకా చూసి రావడం నా పని అయింది.

గోలీలు నా జపమాల సంచిలో పెట్టుకుని వెళ్ళేదాన్ని. అక్కకు సంతకం నేర్పుతున్నానని అరుగు మీది వాళ్ళకు చెప్పాం. లోపలి గదిలో పలకా బలపం పట్టుకుని కూర్చునేవాళ్ళం. ఆమె మూడు గోలీలు ఒకేసారి నోట్లో వేసుకుని, నీళ్ళు తాగి, నాలుక చాపి చూపించేది. "మింగిన సిస్టరమ్మా, సూడు" అనేది చిన్నపిల్లలా. తర్వాత నిజంగానే నాలుగు అక్షరాలు దిద్దేది, ఎవరైనా తొంగిచూస్తే పలక ఖాళీగా ఉండకూడదు కదా. రెండు నెలలకు దగ్గు తగ్గింది. మళ్ళీ పరీక్ష చేసి, ఇంకెవరికీ అంటుకుంటుందన్న భయం లేదు, మందులు మాత్రం ఆపొద్దు అని డాక్టరు చెప్పాడు. ఆ రోజు ఆమె నాకు చేతినిండా వేయించిన పల్లీలు ఇచ్చింది. నా మొదటి విజయం అని రాత్రి డైరీలో రాసుకున్నాను. నా విజయమట!

ఇప్పుడు నేను చేసిన పని చెప్పాలి.

యూనివర్సిటీ మాకు ఒక అలవాటు నేర్పింది. వారమంతా ఊళ్ళో ఏం చూశామో దాన్ని ఆదివారం పీఠం దగ్గరికి తేవాలి. అంటే, పూజలో ప్రసంగం అయ్యాక విశ్వాసుల ప్రార్థనలని కొన్ని చదువుతారు. పోపుగారి కోసం, పాలకుల కోసం, వానల కోసం, రోగుల కోసం. ఒక్కొక్కటి చదవగానే జనమంతా ఒక్క గొంతుతో "ప్రభువా, మా మొర ఆలకించు" అంటారు. వాటిలో ఒక ప్రార్థన సేవకు వచ్చినవాళ్ళు సొంతంగా రాయాలి. మిగతావాళ్ళు ఏదో రెండు ముక్కలు రాసేవాళ్ళు. నేను శుక్రవారం నుంచే కూర్చునేదాన్ని. రాసినదాన్ని మా జట్టు వాట్సాప్ గ్రూపులో పెట్టేదాన్ని. చాలా లోతుగా ఉందని, యూనివర్సిటీ నుంచి మా జట్టును చూసుకునే సిస్టర్ మెచ్చుకునేది. చేతులు జోడించిన బొమ్మలు వరసగా వచ్చేవి. వాటిని లెక్కపెట్టుకునేదాన్ని, అబద్ధం ఎందుకు.

ఆ వారం ఇలా రాశాను: "ఊపిరితిత్తుల జబ్బును మనసులోనే దాచుకుని, రోజూ బీడీలు చుడుతూ, పరదేశంలో ఉన్న భర్తకు కూడా చెప్పుకోలేని ఒక తల్లి మన మధ్యే ఉంది. ఆమె మోస్తున్న సిలువ మనకు కనబడేలా మన కళ్ళు తెరవమని ప్రభువును వేడుకుందాం."

పేరు రాయలేదు. పేరు రాయకూడదని మాకు శిక్షణలో గట్టిగా చెప్పారు, నేను ఆ నియమం పాటించాను. గ్రూపులో అంతకు ముందెన్నడూ రానన్ని చేతులు వచ్చాయి.

ఆదివారం మైకు ముందు నిలబడి నెమ్మదిగా, ఎక్కడ ఆపాలో అక్కడ ఆపుతూ చదివాను. అక్క మూడో వరసలో, ఆడవాళ్ళ వైపు, కింద చాప మీద కూర్చుని ఉంది. ఆ చర్చిలో బీడీలు చుట్టేవాళ్ళు చాలామంది. వాళ్ళలో భర్త దుబాయిలో ఉన్నవాళ్ళు ఇద్దరో ముగ్గురో. వాళ్ళలో వానాకాలమంతా దగ్గింది ఒక్కతే, నేను రోజూ పొద్దున వెళ్ళి తలుపు దగ్గరేసుకుని కూర్చునేదీ ఆమె ఇంట్లోనే. పేరు తప్ప అన్నీ చెప్పేశానన్న సంగతి నాకు మైకు ముందు నిలబడ్డాక, జనం జవాబు చెప్పబోయే ఆ ఒక్క క్షణంలో తెలిసింది. అప్పటికే తలలు తిరుగుతున్నాయి.

అందరూ "ప్రభువా, మా మొర ఆలకించు" అన్నారు. అక్క కూడా అంది. అనకపోతే దొరికిపోతుంది కాబట్టి అంది. కళ్ళు నామీదే ఉన్నాయి. తన జబ్బు కోసం తనే, నలుగురిలో, ఎవరో పరాయిదాని కోసం మొక్కినట్టు మొక్కింది. ఆ ముఖం నేను ఈ జన్మలో మరవను.

కళ్ళు తెరవమని అడిగాను కదా, దేవుడు అక్కడికక్కడే తెరిచాడు. మధ్యాహ్నానికి చర్చికి రాని ఇళ్ళకు కూడా తెలిసింది. సాయంత్రానికి దుబాయికి ఫోన్ పోయింది. భర్త ఏమన్నాడో నాకు తెలియదు, అడిగే ముఖం లేదు. సోమవారం పొద్దున నేను వెళ్ళేసరికి అరుగు మీద ఎవరూ లేరు. ఎవరూ ఆమెను ఒక్క మాట అనలేదట. గొడవ పడలేదట. చాటలు తీసుకుని నాలుగిళ్ళ అవతల వేరే అరుగు మీదికి మారిపోయారు, అంతే. టేకేదారు ఆకు బంద్ పెట్టలేదు గానీ ఆమె కట్టలు విడిగా ఒక మూలకు పెట్టమన్నాడు.

అక్క వాకిట్లో నిలబడి ఉంది. నన్ను చూసి లోపలికి రమ్మనలేదు. నాలుగిళ్ళ అవతలికి వినబడేలా గొంతు పెంచింది.

"నాకేం జబ్బు లేదు. జబ్బుంటె గోలీలు మింగాలె గద? నేను ఏ గోలీలు మింగుతలేను. ఎవ్వలన్న వచ్చి నా ఇల్లు ఎతుక్కోండ్రి!"

నా సంచిలోని గోలీలు నా సంచిలోనే ఉండిపోయాయి. జబ్బు లేదని నిరూపించడానికి ఆమెకు మిగిలిన దారి ఒక్కటే, మందు మానడం. అంత తేలికైన లెక్క నేను ముందు వేసుకోలేకపోయాను. ఆమెను చంపడానికి నా ప్రార్థన ఒక్కటి సరిపోతుందని ఆ వాకిట్లో నిలబడి అర్థం చేసుకున్నాను.

ఫాదరు దగ్గర పాపసంకీర్తనం చేశాను, చేసిన తప్పంతా చెప్పి ఒప్పుకున్నాను. అంతా విని, ప్రాయశ్చిత్తంగా మూడు మంగళవార్త జపాలు చెప్పుకొమ్మన్నాడు. నాకు కోపం ఆగలేదు. మూడే? ఒక మనిషి ప్రాణానికి మూడు జపాలా? ఇంకా పెద్దది ఏదైనా వేయమని అడిగాను. ఆయన జాలిగా చూశాడు. తర్వాత పెద్ద సిస్టర్ దగ్గరికి వెళ్ళి, అక్క కాళ్ళమీద పడి క్షమాపణ అడుగుతానన్నాను. ఆమె కట్లు కట్టే కత్తెరలు ఉడకబెడుతోంది, తల కూడా తిప్పలేదు.

"క్షమాపణ అడుగుడు నీ మనసు తేలిక జేసుకొనుడు. ఆమె బరువు ఆమె మీదనే ఉంటది. నువ్వు ఏడుస్తె ఆమె నిన్ను సముదాయించాల్నా? మొదలు ఆమెతోని మందు మింగియ్యి. మందులన్ని అయిపోయినంక అడుక్కో, ఏం అడుక్కుంటవో."

ఆ తర్వాత మలయాళం మొదలైంది.

రోజూ వెళ్ళాను. తలుపు మూసే ఉండేది. వారాలు గడిచాయి. నెల దాటింది. ఊళ్ళో నన్ను చూసి పలకరించేవాళ్ళు పలకరిస్తూనే ఉన్నారు, అది ఇంకా కష్టంగా ఉండేది. ఒకరోజు ఆమె అత్త దవాఖానకు వచ్చింది. పెద్ద సిస్టర్ లేదు. నన్నే చూసి గడప దగ్గర ఆగింది.

"మళ్ళ దగ్గుతున్నది. ముద్ద ముట్టుతలేదు. మొక్కుతున్నట్టు మొక్కి ముంచినవ్ గద బిడ్డా" అంది. తిట్టలేదు, గొంతు కూడా పెంచలేదు. చెప్పి వెళ్ళిపోయింది.

మర్నాడు ఆ అరుగు ఎక్కి కూర్చున్నాను. తలుపు తీసేదాకా లేవకూడదని మొండిగా కూర్చున్నాను. పక్కన తడి గోనెసంచి మూటలో ఆమె ఆకు ఉంది, పైన కత్తెర, కొలత రేకు. ఊరికే కూర్చుంటే చేతులు ఊరుకోలేదు. ఆమెకు సాయం చేద్దామనుకున్నాను. చూసీ చూసీ ఈ పని నాకు వచ్చనుకున్నాను. మూట విప్పి, రేకు పెట్టి ఆకు కత్తిరించడం మొదలుపెట్టాను. ఈనె ఎటు ఉండాలో చూసుకోలేదు. ఆకు కట్టలెక్కన తూచి ఇస్తారనీ, దానికి సరిపడా బీడీలు తిరిగి ఇవ్వాలనీ, ఒక్కో ఆకులో ఎన్ని ముక్కలు తీయాలో ఆమెకే తెలుసనీ నాకు తట్టలేదు. ఇరవై ముప్పై ఆకులు పాడుచేశాక తలుపు ధడాలున తెరుచుకుంది.

"నా పరువు తీసినవ్. ఇగ నా ఆకు మీద గూడ పడ్డవా? నిన్ను ఎవ్వలు ముట్టుమన్నరు? ఏ, పిల్లా! ఎవ్వలు ముట్టుమన్నరు నిన్ను?"

సిస్టరమ్మ పోయి పిల్ల వచ్చింది. ఆ తర్వాత ఆమె నన్ను ఇంకెప్పుడూ సిస్టరమ్మా అనలేదు. నా చేతిలోంచి కత్తెర లాక్కుంది. నేను పాడుచేసిన ముక్కలను ఒక్కొక్కటే ఏరి, ఏవైనా పనికొస్తాయేమోనని చూస్తూ తిడుతూనే ఉంది. నేను తల వంచుకుని తిట్లన్నీ తిన్నాను. అంత తిట్టు పడితే నిజంగానే కొంచెం ఊపిరి ఆడింది నాకు. ఆమెకు మాత్రం ఆడలేదు. తిట్టు మధ్యలో దగ్గు వచ్చింది. గోడకు చేయి ఆనించి దగ్గింది. ఆగలేదు. చేతికందిన ఆకుల్నే నోటికి అడ్డం పెట్టుకుంది. తీసి చూస్తే ఆకుల మీద రక్తం ఉంది.

ఇద్దరం దాన్నే చూశాం. దూరంగా ఆ వేరే అరుగు మీద ఆడవాళ్ళ మాటలు ఆగిపోయాయి.

"ఈ ఆకు పనికి రాదు" అంది అక్క చివరికి. ఆ ఆకులను విడిగా పక్కన పెట్టింది. "నా బిడ్డ పరీక్షలు రాసేదాక నేను ఉంటనా?" అంది. అది నన్ను అడిగినట్టు లేదు. అయినా జవాబు నేనే చెప్పాను.

"మింగితే ఉంటవక్కా."

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది.

"మింగుత. కని ఇంట్ల దాసుకొని మింగ. ఎవ్వలకు తెల్వకుండ ఉండనీకి నువ్వు ఏమన్న మిగిల్చినవా? ఈడ, ఈ అరుగు మీద కూసొని మింగుత. నువ్వు సంచిల దాసుకొని తెచ్చుడు గాదు, చేతుల పట్టుకొని రా. గా అరుగు ముంగటి నుంచే నడిచి రా. అందరికి చెప్పినవ్ గద, ఇగ అందరి ముంగటనే తెచ్చియ్యి."

మర్నాడు పెద్ద సిస్టర్, నేను ఆమెను ఎల్లారెడ్డి తీసుకెళ్ళాం. మళ్ళీ పరీక్షలు చేశారు. అంతకాలం ఎందుకు మానేశావని డాక్టరు ఆమెను కోప్పడ్డాడు. ఆమె నా వైపు చూడలేదు, నా మాట చెప్పలేదు. నేనే చెబుదామని లేస్తే పెద్ద సిస్టర్ నా చున్నీ పట్టి కూర్చోబెట్టింది. పాత మందు ఇంకా పనిచేస్తోంది, అదొక్కటే అదృష్టం. మింగిన రెండు నెలలు లెక్కలోకి రావు, ఆరు నెలలు మొదటినుంచి మొదలుపెట్టాలి అన్నారు.

అలా మొదలైంది. రోజూ పొద్దున దవాఖాన నుంచి అక్క ఇంటిదాకా, అరచేతిలో మూడు గోలీలు పెట్టుకుని నడిచాను. వేరే అరుగు మీది వాళ్ళు చేతులు ఆపి నా అరచేతినే చూసేవాళ్ళు. అది ఎంత దూరమని, ఓ వంద అడుగులు. నాకు అంతకు మించిన దూరం అప్పటికీ ఇప్పటికీ తెలియదు. అక్క అరుగు మీద ఒంటరిగా కూర్చుని, వాళ్ళ వైపే ముఖం పెట్టి, ఒక్కొక్క గోలీ విడివిడిగా మింగేది. ముందులా మూడూ ఒకేసారి కాదు. నాలుక చాపి నాకు చూపించేది కాదు, వాళ్ళకు చూపించేది. ఆమె కోపం చూస్తే నాకు భయం వేసేది, దండం పెట్టాలనీ అనిపించేది.

గోలీలు అయ్యాక నన్ను పొమ్మనేది కాదు, ఉండమనేది కాదు. నేను ఉండేదాన్ని. మొదట్లో చూస్తూ కూర్చున్నాను. తర్వాత దారం అందించాను. సంక్రాంతి దాటాక ఆకు ముట్టనిచ్చింది. నేను చుట్టిన బీడీలు లావుగా, వంకరగా వచ్చేవి. వాటిని విప్పి మళ్ళీ చుట్టుకునేది. "గివి తాగితె ఎవడన్న నవ్వి చస్తడు" అంది ఒకసారి, నవ్వకుండానే. మఠంలో చేరాలనుకున్నది బీడీలు చుట్టడం నేర్చుకుంటోందని గ్రూపులో రాయలేదు. గ్రూపులో ఏమీ రాయడం మానేశాను. ఆదివారాలు నా వంతు ప్రార్థనలో వానలూ పంటలూ తప్ప ఇంకేమీ పెట్టలేదు. అక్క చర్చికి రావడం ఆ ఆదివారంతోనే ఆపేసింది, మళ్ళీ రాలేదు.

యాసంగి నాట్లు అయ్యాక ఒక ముసలి అవ్వ తన చాట పట్టుకుని వచ్చి అరుగు ఆ చివర కూర్చుంది. ఎందుకు వచ్చిందో చెప్పలేదు, అక్క అడగలేదు. తర్వాత ఇంకొకామె వచ్చింది. మిగతావాళ్ళు అక్కడే ఉండిపోయారు. దూరపు అరుగుకు అలవాటు పడ్డారేమో, సిగ్గేమో, భయమేమో, నాకు తెలియదు. మునుపటి అరుగు మాత్రం మళ్ళీ రాలేదు. దానికి నేను కారణం. మందులు దాన్ని బాగుచేయలేవు.

ఎండలు ముదిరాయి. సేవా సంవత్సరం ముగింపుకు వచ్చింది. ఎనిమిది రోజుల ధ్యానం తేదీ యూనివర్సిటీ నుంచి వచ్చింది. చూస్తే, అక్క చివరి గోలీ మింగే రోజుకు మర్నాడే. పొద్దున మొదటి బస్సు పట్టుకుంటేనే మధ్యాహ్నం ప్రార్థనకు అందుకుంటాను. ఆలస్యంగా వచ్చినవాళ్ళను మౌనంలోకి తీసుకోరు, వచ్చే ఏడాదే ఇక. ఇదంతా అక్కకు వారం ముందే చెప్పాను. "మంచిదే, పో" అంది. ఆకు కత్తిరిస్తూనే అంది.

చివరి పరీక్షలో జబ్బు లేదని వచ్చింది. ఆ చివరి పొద్దున మూడు గోలీలు అరచేతిలో పెట్టుకుని వెళ్ళాను. అవ్వ, రెండో ఆమె ఇంకా రాలేదు. అక్క ఎప్పటిలాగే ఒక్కొక్కటే మింగింది. చెంబు దించింది. ఆరు నెలలు పళ్ళ మధ్య బిగబట్టుకున్న మాట ఇక ఆగలేదు. అరుగు కింద మోకాళ్ళమీద కూర్చున్నాను.

"అక్కా, నాది తప్పయింది. నన్ను మాఫ్ చెయ్యి."

ఏడుపు వచ్చింది. ఆపుకోవాలనుకున్నాను, ఆగలేదు. ఆమె కొంగుతో మూతి తుడుచుకుంది. నన్ను లేవమనలేదు. నా ముఖంలోకి వంగి చూసింది, ఏదో కొత్త సంగతి కనబడ్డట్టు.

"ఆర్నెల్ల సంది దీనికోసమేనా నువ్వు వస్తున్నది?"

నా ఏడుపు ఆగిపోయింది. కాదు అనడానికి నోరు తెరిచాను. నిజమేమిటో నాకే తెలియలేదు. కొన్ని రోజులు దీనికోసమే వచ్చాను. కొన్ని రోజులు గోలీల కోసం వచ్చాను. కొన్ని రోజులు ఆ వంద అడుగులు నడవకపోతే రోజు మొదలుకానట్టు ఉండి వచ్చాను. ఏ రోజు ఏదో నేను రాసిపెట్టుకోలేదు.

"కాదక్కా" అన్నాను ఆఖరికి.

"కాదా?" ఆమె చాట ఒడిలోకి లాక్కుంది. "కాకుంటె రేపు గూడ రా."

రేపు బస్సుందని ఆమెకు తెలుసు. తెలిసే అంది. ఆకు కత్తిరించడంలో పడింది.

ఆ రాత్రి సంచి సర్ది గోడ పక్కన పెట్టాను. తెల్లవారుజామున లేచి స్నానం చేశాను. పెద్ద సిస్టర్ దారిలో తినమని ఇడ్లీలు కట్టిచ్చింది. రోడ్డు దాకా నడిచి, బస్సు వచ్చే వైపు చూస్తూ నిలబడ్డాను. బస్సు వచ్చింది, ఆగింది. డ్రైవరు నావైపు చూశాడు. నేను కదల్లేదు. ఆయన ఏదో గొణిగి గేరు మార్చాడు.

సంచి తీసుకుని గోలీల వేళకు అక్క ఇంటికి వెళ్ళాను. ఆ వేరే అరుగు ముందు నుంచే నడిచాను. చేతుల్లో ఏమీ లేదు, వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అక్క తలెత్తి నన్ను చూసింది, భుజాన ఉన్న సంచి చూసింది.

"బస్సు పోయిందా?"

"పోయిందక్కా."

ఆమె గోనెసంచి మూట ఇవతలికి లాగి, కొంచెం జరిగి, నాకు చోటిచ్చింది.